బీసీడీలో గాలి నిలవట్లేదా? ముందు వాల్వులు విప్పండి, జిగురు తర్వాత

బీసీడీ అంటే స్కూబా డైవర్లు నీళ్లలో తేలడం, మునగడం సరిచూసుకోవడానికి వేసుకునే గాలి జాకెట్. ఆ జాకెట్ మెత్తబడిపోతోందంటే చాలామంది చెయ్యి నేరుగా జిగురు ట్యూబు మీదికే పోతుంది. ఎక్కడో చిల్లు పడిందనే అనుకుంటారు. తీరా చూస్తే సంచి నిక్షేపంలా ఉంటుంది, గాలి పోయేది వాల్వు దగ్గర. అదీ వాల్వు అరిగిపోయి కాదు. సీటు (వాల్వు డిస్కు కూర్చునే అంచు) మీద ఉప్పు పేరుకునో, ఒక్క ఇసుక రేణువు అడ్డుపడో అలా అవుతుంది. ఇసకపల్లి, కనుపర్తి వైపు ఉప్పు మడులు చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మడిలో నీళ్లు ఎండితే ఏం మిగులుతుందో, కడగకుండా ఆరేసిన జాకెట్ లోపలా అదే మిగులుతుంది.

హేచరీల సముద్రపు పైపుల పని చూసేవాళ్లైనా, పుదుచ్చేరిలోనో విశాఖలోనో కోర్సు చేసి సొంత జాకెట్ కొనుక్కున్నవాళ్లైనా, నెల్లూరు, ఒంగోలుల్లో ఉంటే చిన్న లీకుకి కూడా దాన్ని వేరే ఊరికి పంపాల్సి వస్తుంది. ఆ పనిలో చాలా భాగం ఇంట్లోనే అవుతుంది. కాకపోతే మూడు పనులు ఇంట్లో చేయకూడదు: రెగ్యులేటర్ ఫస్ట్ స్టేజ్ (సిలిండర్ పీడనాన్ని తగ్గించే మొదటి భాగం) విప్పడం, సంచి అంచుల వెల్డింగ్ ఊడితే జిగురుతో అతికించడం, రిలీఫ్ వాల్వు (పీడనం ఎక్కువైతే తానే తెరుచుకునేది) స్ప్రింగుని సాగదీయడం. వాటి సంగతి వాటి దగ్గరికి వచ్చినప్పుడు చెప్పుకుందాం.

లీకు ఎక్కడో తేల్చడం

పొద్దున ఏడింటికి జాకెట్‌ని నోటితో వీలైనంత గట్టిగా ఊదండి. సిలిండర్ నుంచి వచ్చే హోసు తగిలించొద్దు. నీడలో వేలాడదీసి మర్నాడు మళ్లీ ఏడింటికే చూడండి. మధ్యాహ్నం ఊది రాత్రి చూస్తే మోసపోతారు. 35 డిగ్రీల్లో ఊదిన గాలి 27 డిగ్రీలకి చల్లబడితే లోపలి పీడనం దాదాపు 0.03 బార్ పడిపోతుంది. నోటితో ఎంత ఊదినా లోపలి పీడనం బయటికంటే 0.1 బార్ ఎక్కువ ఉంటే గొప్పే. అందులో 0.03 పోతే చేతికి మెత్తగా తగులుతుంది. అది లీకు కాదు. అదే గంటకి చూసినప్పుడు కూడా జాకెట్ వేలాడిపోతుంటే అప్పుడు వెతకాలి.

వెతకడం సైకిలు ట్యూబు పంక్చర్ చూసినట్టే. సిమెంటు తొట్టి అయినా సరే, హేచరీ వాళ్ల ఫైబర్ ట్యాంకు దొరికితే ఇంకా మంచిది. జాకెట్‌ని ముంచి మొదటి ఐదు నిమిషాలు వచ్చే బుడగల్ని పట్టించుకోకండి. కుట్లలో, నడుము మెత్తల్లో చిక్కుకున్న గాలి అలాగే వస్తుంది. ఆ తర్వాత కూడా ఒకే చోట నుంచి, ఒకే వరసలో వచ్చే బుడగే లీకు. అంత తొట్టి లేకపోతే అర లీటరు నీళ్లలో ఒక షాంపూ ప్యాకెట్ కలిపి స్ప్రే బాటిల్లో పోసుకోండి. ఇన్‌ఫ్లేటర్ (సిలిండర్ నుంచి గాలి నింపే బటన్, నోటితో ఊదే బటన్ ఉండే పిడి) దగ్గర మొదలుపెట్టి, భుజం మీది ఎల్బో (గొట్టం జాకెట్‌కి కలిసే వంపు), కుడి భుజం డంపు (గాలి వదిలే వాల్వు), వెనక నడుం దగ్గరి డంపు, చివరికి కుట్ల వెంబడి, ఈ వరసలో కొట్టుకుంటూ రండి.

బుడగ ఎక్కడ లేచిందన్నదే రోగం పేరు చెబుతుంది. డంపు మూత మధ్య నుంచి వస్తే సీటు మురికి. మూత చుట్టూ అంచు నుంచి వస్తే కింద ఉన్న గ్యాస్కెట్. గుడ్డ మీద జానెడు మేర నురగలా వస్తే లోపలి పొరకి చిల్లు, ఆ గాలి బయటి గుడ్డలోంచి వడగట్టుకుని వస్తోందన్నమాట. వింగ్ రకం (గాలి సంచి వీపు వెనక మాత్రమే ఉండేది) అయితే బుడగలు జిప్ దగ్గర కనిపిస్తాయి కానీ చిల్లు అక్కడ ఉండదు. బయటి తొడుగు తీసేసి లోపలి సంచిని విడిగా ముంచి చూడాల్సిందే.

డంపు వాల్వు

ఇది అరగంట పని. మూత అపసవ్యంగా తిప్పితే వస్తుంది. వేళ్లకి జారితే పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి తిప్పండి, పట్టు బాగా దొరుకుతుంది. ప్లయర్ మాత్రం పెట్టొద్దు, ప్లాస్టిక్ మర ఒక్క తిప్పుకే పోతుంది. కింద స్ప్రింగు ఉంటుంది కాబట్టి మొత్తం పని పెద్ద పాలిథిన్ కవర్లో చేతులు పెట్టి చేసుకుంటే అది ఎగిరి మంచం కింద పడదు. ఒక్కో భాగం తీయగానే ఫోనుతో ఫోటో తీసుకోండి.

పైనుంచి కిందికి మూత, స్ప్రింగు, దాని కింద తాడు కట్టిన సిలికాన్ డిస్కు, ఆ కింద సీటు. ఇప్పుడు డిస్కుని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి చూడండి. సీటు అంచు తగిలే చోట సన్నని గుండ్రటి గీత ఉంటుంది. ఆ గీత ఎక్కడా తెగకుండా పూర్తి సున్నాలా ఉంటే డిస్కు మంచిదే. ఒకచోట గీత చెరిగినట్టో, చిన్న గుంట పడినట్టో కనిపిస్తే అక్కడే ఇసుక కూర్చుంది. మైపాడులోనో కొత్తపట్నంలోనో అలలు విరిగే చోట సామాను తగిలించుకుని మోకాళ్ల మీద కూర్చునేవాళ్లకి వెనక డంపులోనే ఇది ఎక్కువ. ఇసుకలో ఆనేది అదే కదా.

సీటు అంచుని తడిపిన ఇయర్ బడ్‌తో చుట్టూ తుడవండి. గోరు, బ్లేడు, పిన్నీసు వద్దు. అంచు మీద వెంట్రుకవాసి గీత పడినా అది జీవితాంతం లీకే. డిస్కుని సబ్బు నీళ్లలో కడిగి, గుంట పడి ఉంటే, రెండు వైపులా ఒకేలా ఉన్న డిస్కు అయితే తిరగేసి బిగించండి. కొత్తది వచ్చేదాకా నడుస్తుంది. డిస్కుకి సిలికాన్ గ్రీజు రాయొద్దు. సిలికాన్ రబ్బరు ఆ గ్రీజుకే ఉబ్బుతుంది, పైగా ఇసుకని అంటించుకుంటుంది. గ్రీజు రాయాల్సింది కింద గ్యాస్కెట్‌కి, మరలకి, అదీ వేలికి అంటీ అంటనంత. గ్యాస్కెట్ కూడా సిలికాన్‌దే అయితే దానికీ వద్దు. వాజలిన్ అసలు వద్దు, కొన్ని రకాల రబ్బరుని అది మెత్తబరిచి సాగదీస్తుంది.

స్ప్రింగు మెత్తబడిందనిపిస్తే కొత్తది వేయండి. కొంచెం లాగి సాగదీస్తే గట్టిపడుతుందనే ఉపాయం ఒకటి తిరుగుతూ ఉంటుంది. డంపే రిలీఫ్ వాల్వు కూడా. ఇది లోపలి పీడనం బయటికంటే సుమారు 0.14 బార్ ఎక్కువైనప్పుడు తెరుచుకునేలా ఉంటుంది. సాగదీసిన స్ప్రింగుతో అది ఆలస్యంగా తెరుచుకుంటుంది. అప్పుడు తెరుచుకునేది వాల్వు కాదు, సంచి అంచు వెల్డింగ్.

ఇంకో తిరకాసు. జాకెట్ సగం నిండితే బాగానే ఉంటుంది, నిండుగా ఊదితేనే గాలి పోతుంది. ఇలా ఉంటే లాగే తాడు చూడండి. వేలాడకుండా ఎవరో ముడి వేసి పొట్టి చేసి ఉంటారు. జాకెట్ ఉబ్బినప్పుడు గుడ్డ ఆ తాడుని లాగి డిస్కుని కొంచెం ఎత్తుతుంది. నిండుగా ఊదినప్పుడు కూడా తాడు ఒకటి, రెండు సెంటీమీటర్లు వదులుగా ఉండాలి.

ఇన్‌ఫ్లేటర్: ప్రమాదం ఉన్నది ఇక్కడే

డంపు లీకైతే గాలి బయటికి పోతుంది, మళ్లీ నింపుకోవచ్చు. ఇన్‌ఫ్లేటర్ లీకైతే గాలి లోపలికి వస్తుంది, మనిషిని తెలియకుండానే పైకి లేపుతుంది. అందుకే ఇక్కడ "చిన్న లీకే కదా" అనే మాట లేదు.

పరీక్ష సులువు. జాకెట్‌లో గాలి పూర్తిగా తీసేయండి. సిలిండర్ తెరిచి లో ప్రెషర్ హోసు తగిలించి, బటన్ ముట్టుకోకుండా పది నిమిషాలు వదిలేయండి. జాకెట్ ఉబ్బితే లోపలి వాల్వు కారుతోంది. మరీ సన్నని లీకైతే ఇన్‌ఫ్లేటర్‌ని జాకెట్‌కి కలిపే ముడతల గొట్టాన్ని జాకెట్ వైపు విప్పి, ఆ చివర గ్లాసు నీళ్లలో పెట్టండి. నిమిషానికి ఒక్క బుడగ వచ్చినా కనిపిస్తుంది.

ఇన్‌ఫ్లేటర్‌ని తప్పుపట్టే ముందు ఇంటర్మీడియట్ ప్రెషర్ గేజ్ (ఫస్ట్ స్టేజ్ నుంచి హోసులోకి వచ్చే పీడనం కొలిచేది) దొరికితే హోసుకి పెట్టి చూడండి. 9, 10 బార్ దగ్గర నిలబడాలి. ముల్లు మెల్లగా 11, 12 అంటూ పాకుతుంటే రోగం ఫస్ట్ స్టేజ్‌లో ఉంది. ఎక్కువైన పీడనం ఇన్‌ఫ్లేటర్ వాల్వుని తోసుకుని వస్తోంది. అప్పుడు ఇన్‌ఫ్లేటర్ ఎంత కడిగినా లాభం లేదు, రెగ్యులేటర్ సర్వీసుకి పంపాలి.

ముల్లు నిలకడగా ఉంటే సిలిండర్ మూసి, హోసులో గాలి వదిలేసి, ఇన్‌ఫ్లేటర్‌ని గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టండి. చెయ్యి పెడితే హాయిగా అనిపించే వేడి చాలు. ఐదు నిమిషాలకోసారి రెండు బటన్లూ పది పదిహేను సార్లు నొక్కుతూ ఉండండి. బటన్ నొక్కితే తిరిగి టక్కున రావాలి. నెమ్మదిగా పాకుతూ వస్తే లోపల ఇంకా ఉప్పు ఉన్నట్టే.

అప్పటికీ మారకపోతే వాల్వు కోర్ (లోపల గాలిని ఆపే చిన్న పిన్ను) తీయాలి. చాలా మోడళ్లలో టైరు షాపుల్లో వాడే కోర్ తీసే పనిముట్టే సరిపోతుంది. దాన్ని చూసి టైరు కోర్ కూడా సరిపోతుందనుకోకండి. బయటికి కవలల్లా ఉంటాయి కానీ పొడవు, స్ప్రింగు, గాలి పోయే దారి వేరు. ఇన్‌ఫ్లేటర్ కంపెనీదే తెప్పించుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు వేళ్ల బిగువు చాలు.

ముడతల గొట్టాన్ని కూడా లాగి, ముడత ముడతకీ మధ్య చూడండి. ఎండకి పగిలిన గీతలు ముడుచుకుని ఉన్నప్పుడు కనపడవు. గొట్టం మారిస్తే రెండు చివరలా రెండేసి 4.8 ఎంఎం నల్ల కేబుల్ టైలు, వాటి తలలు ఎదురెదురుగా వచ్చేలా బిగించండి. ఇవి ఏ కరెంటు సామాన్ల షాపులో అయినా దొరుకుతాయి. తెల్లవి తీసుకోకండి, ఎండకి పెళుసెక్కుతాయి. కోసిన చివర నున్నగా ఉందో లేదో చూసుకోండి, లేకపోతే చేతినో గొట్టాన్నో గీరుతుంది. గొట్టం లాగితే ఎల్బోలోని డంపు తెరుచుకునే రకం అయితే లోపల తీగ ఉంటుంది. గొట్టం పొడవు ఆ తీగకి తగ్గట్టుగానే ఉండాలి, ఒక అంగుళం కూడా మార్చొద్దు.

హోసు ఫస్ట్ స్టేజ్‌లో బిగిసే చివర 3/8 అంగుళం మర, దానికి 011 సైజు ఓ-రింగు. చేత్తో బిగించి, 14 ఎంఎం స్పానర్‌తో కొంచెం తట్టినట్టు తిప్పితే చాలు. నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) 40 శాతం దాటి వాడేవాళ్లు మామూలు సిలికాన్ గ్రీజు కాకుండా ఆక్సిజన్‌కి పనికొచ్చే గ్రీజే వాడాలి.

బోరు నీళ్ల సంగతి

డైవింగ్ పుస్తకాలన్నీ "మంచినీళ్లతో కడగండి" అంటాయి. ప్రకాశం జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీళ్లు మంచినీళ్లు కావు. బకెట్ అంచున, గీజర్ లోపల కట్టే తెల్లటి పొరే వాల్వు సీటు మీదా కడుతుంది. ఉప్పైతే నీళ్లలో కరుగుతుంది, ఈ సున్నం పొర కరగదు. ఏడాది పాటు శ్రద్ధగా బోరు నీళ్లతో కడిగిన జాకెట్ వాల్వులు ఊరికే గరుకెక్కుతాయి.

కాబట్టి మొదట బోరు నీళ్లతో ఇసుక, ఉప్పు పోయేలా కడగండి. చివరి కడుగు మాత్రం 20 లీటర్ల మినరల్ వాటర్ క్యానుతో చేయండి. బయటికి ఐదారు లీటర్లు, లోపలికి రెండు లీటర్లు సరిపోతాయి. నోటి బటన్ నొక్కి పట్టుకుని ఇన్‌ఫ్లేటర్ ద్వారా లోపలికి పోయండి, సగం ఊది, ఊపి, తలకిందులు చేసి వెనక డంపు నుంచి వదలండి. నీళ్లు రుచి చూస్తే ఉప్పదనం ఉండకూడదు. పెన్న నీళ్లు అందే నెల్లూరు వాళ్లకి ఈ బెడద తక్కువ.

ఇప్పటికే తెల్లపొర కట్టిన విడిభాగాలకి తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి పావుగంట. విప్పిన ప్లాస్టిక్, స్టీలు భాగాలకే ఇది. సంచిలో పోయొద్దు, అల్యూమినియం భాగాలు నానబెట్టొద్దు. తర్వాత బాగా కడగండి.

ఆరబెట్టేటప్పుడు కొంచెం గాలి నింపి నీడలో వేలాడదీయండి. రోహిణి కార్తెలో కారు డిక్కీలో వదిలేసిన జాకెట్‌కి లోపలి పాలీయురేథేన్ పొర గుడ్డని వదిలేస్తుంది. తడి, వేడి కలిస్తే ఇంకా చెడ్డది: పొర జిగటగా మారి లోపల ఒకదానికొకటి అంటుకుంటుంది. ఊదితే చిటపటమని విడిపోతున్న చప్పుడు వస్తే, పుల్లటి వాసన వస్తే ఆ సంచి పని అయిపోయినట్టే. దాని మీద జిగురు ఖర్చు పెట్టకండి.

నిజంగా చిల్లే అయితే

ముందు వాడకూడనివి చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర సులువుగా దొరికేవన్నీ అవే. పంక్చర్ సొల్యూషన్ రబ్బరు ట్యూబుకి పట్టినట్టు యురేథేన్‌కి పట్టదు. హీట్ పంక్చర్ వేయిస్తే సంచి కరిగిపోతుంది. ఫెవిక్విక్ గట్టిపడి మడత పడగానే పగులుతుంది, ఎంసీల్ కూడా అంతే. అన్నిటికంటే పాపిష్టిది సిలికాన్ సీలెంట్. అది పట్టదు సరే, అది పూసిన చోట తర్వాత సరైన జిగురు కూడా పట్టదు.

కావాల్సింది యురేథేన్ జిగురు. డైవింగ్ సామాన్లతో వచ్చే ఆక్వాసీల్ రకమో, గాలి నింపే రబ్బరు పడవల రిపేరుకి వాడే యురేథేన్ రకమో. ఇది గాలిలో తేమతో గట్టిపడే జిగురు. మన కోస్తా గాలికి ట్యూబు తెరిచి పెట్టడమే ఆలస్యం. పని అవ్వగానే గాలి పిండేసి మూత బిగించి, జిప్‌లాక్ కవర్లో ఫ్రీజర్‌లో పెట్టుకోండి.

సూదిమొన చిల్లు నుంచి 3 ఎంఎం దాకా ఒక చుక్క చాలు. అంతకంటే పెద్దదైతే అదే రకం గుడ్డ ముక్కతో గుండ్రంగా అతుకు కోయండి, చిల్లు దాటి చుట్టూ 25 ఎంఎం ఉండేలా. మూలలు ఉంటే అక్కడి నుంచే లేస్తుంది. మొబైల్ రిపేరు షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచి, ఆరాక పలుచగా ఒక పూత వేయండి. అది కాస్త బంకగా మారాక రెండో పూత వేసి అతుకు పెట్టండి. మధ్య నుంచి అంచులకి వేలితో రాస్తూ గాలి బుడగలు తోసేయండి. పైన పాలిథిన్ షీటు పరిచి (జిగురు దానికి అంటదు), దాని మీద చదునైన చెక్క, ఆ మీద ఐదు కిలోల బరువు. 24 గంటలు ముట్టుకోవద్దు. 48 గంటలు ఆగితే ఇంకా నయం.

మూడు సెంటీమీటర్లు దాటిన చిరుగుకీ, అంచు వెల్డింగ్ విడిపోయిన చోటికీ ఇది మందు కాదు. ఆ అంచుల్ని ఫ్యాక్టరీలో హై ఫ్రీక్వెన్సీ వెల్డింగ్‌తో రెండు పొరలూ ఒకటిగా కరిగించి కలుపుతారు. జిగురు పైపైన పట్టుకుంటుంది, గాలి బిగువు దాన్ని అరటి తొక్కలా ఒలుస్తుంది. సంచి మార్చాల్సిందే.

వింగ్ వాడేవాళ్లకి ఒక మాట. వీపు ప్లేటుకీ సిలిండర్‌కీ మధ్య సంచి నలిగి, ఎదురెదురుగా రెండు చిల్లులు పడతాయి, పాము కాటులా. ఒకటి దొరికిందని సంబరపడి ఆగిపోకండి, రెండోది వెతకండి. తర్వాత ప్లేటు అంచుల్ని ఆకురాయితో రాసి నున్న చేయకపోతే మళ్లీ అదే కథ.

మార్పులు

డి-రింగు (సామాను తగిలించే డి ఆకారపు రింగు) చేర్చడం, బెల్టు మార్చడం లాంటివి కుట్టించాలంటే కార్లకి సీటు కవర్లు కుట్టే షాపే సరైన చోటు. వాళ్ల మిషన్ 50 ఎంఎం బెల్టు మూడు పొరల్లోంచి పోతుంది. దారం నైలాన్‌దో పాలిస్టర్‌దో అడగండి, నూలు దారం ఉప్పునీళ్లలో కుళ్లుతుంది. కుట్టు చతురస్రం, మధ్యలో ఇంటూ గుర్తులా వేయించండి. షాపు మనిషికి ఒక్క విషయం మాత్రం చేత్తో పట్టి చూపించాలి: గాలి సంచి ఎక్కడిదాకా ఉందో. సంచిలోంచి పోయిన ప్రతి సూది పోటూ ఒక చిల్లే. అసలు కుట్టకుండా స్టీలు ట్రైగ్లైడ్‌తో (బెల్టు దూరే బకిల్) బెల్టుకి ఎక్కించగలిగితే అదే మేలు.

వింగ్‌కి స్టీలు వీపు ప్లేటు కోయించుకునేవాళ్లు 3 ఎంఎం మందంలో 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి. మధ్య రంధ్రాల దూరం 279 ఎంఎం, అంటే 11 అంగుళాలు. దీన్ని మారిస్తే ఏ వింగూ సరిపోదు. షాపులో అయస్కాంతం పెట్టి "అంటలేదు, చూడండి, ఒరిజినల్" అంటారు. 304 కూడా అంటదు, చవకరకం 202 కూడా అంటదు. మాలిబ్డినం చుక్కల మందుతో పరీక్షిస్తేనే 316 తేలుతుంది.

తల పైకి, కాళ్లు కిందికి వేలాడుతుంటే నడుము బరువులో కిలో, రెండు కిలోలు సిలిండర్ పై పట్టీకి మార్చి చూడండి. మన తీరంలో వలలకి కట్టే సీసం గుళ్లు గట్టి గుడ్డ సంచిలో కుట్టించుకుంటే ఆ పనికి బాగా ఒదుగుతాయి. అవి పట్టుకున్నాక చేతులు కడుక్కోండి. వదిలేయడానికి వీలైన బరువు కొంత ఎప్పుడూ నడుము దగ్గరే ఉండాలి.

బరువు లెక్క వేసేటప్పుడు గాలికీ బరువుందని గుర్తుంచుకోండి. 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో 207 బార్ దగ్గర గాలి ఒక్కటే దాదాపు 2.7 కిలోలు. 50 బార్‌కి వచ్చేసరికి అందులో రెండు కిలోలు పోయి ఉంటుంది. అందుకే చివర్లో తేలిపోతారు. సోమశిల, కండలేరు లాంటి మంచినీళ్లలో (నీటిపారుదల శాఖ అనుమతి ఉంటేనే) సరిచూసుకున్న బరువు సముద్రంలో చాలదు. సామానుతో కలిపి వంద కిలోల మనిషికి సుమారు రెండున్నర కిలోలు అదనంగా కావాలి.

నీళ్లలోకి దిగే ముందు

రాత్రంతా గాలి నిలిచాక పవర్ బటన్‌ని (సిలిండర్ నుంచి గాలి నింపేది) పది సెకన్లు నొక్కి పట్టండి. రిలీఫ్ వాల్వు బుస్సుమని తెరుచుకోవాలి, బటన్ వదలగానే మూసుకోవాలి. బటన్ నొక్కి ఉన్నంతసేపూ వచ్చే గాలిని అది బయటికి పంపగలగాలి. జాకెట్ బండలా బిగుసుకుపోతుంటే వెంటనే వదిలేయండి, ఆ వాల్వు మార్చాలి.

తర్వాత సిలిండర్ తెరిచి ఉండగానే, గ్లౌజులు వేసుకుని, కళ్లు మూసుకుని హోసు కనెక్టర్ ఊడదీయడం పదిసార్లు చేయండి. ఇన్‌ఫ్లేటర్ నీళ్లలో ఇరుక్కుపోతే చేయాల్సిన మొదటి పని అదే, రెండో చేత్తో గాలి వదులుతూ. మీరు గ్రీజు రాసిన కనెక్టర్ జారిపోతుంటే ఆ సంగతి ఒడ్డున తెలియాలి.

మొదటి దిగుడు ఛాతీ లోతు నీళ్లలో, పక్కన తెలిసిన మనిషితో. జాకెట్ నిండుగా ఊది ఇరవై నిమిషాలు తేలండి, అన్ని డంపులూ ఒక్కొక్కటిగా లాగండి. బయటికి వచ్చాక లోపల నీళ్లు ఎన్ని చేరాయో వెనక డంపు నుంచి వంచి చూడండి. డంపు లాగితే కొద్దిగా చేరడం మామూలే. అర లీటరు వచ్చిందంటే ఏదో డిస్కు సరిగా కూర్చోలేదు, మళ్లీ విప్పాలి. విప్పిన తేదీ, మార్చిన భాగం పేరు చిన్న గుడ్డపట్టీ మీద పర్మనెంట్ మార్కర్‌తో రాసి నడుము బెల్టు లోపలి వైపు కట్టుకోండి.